బొమ్మ తుపాకీ రిపేరూ, ఒక నారింజ రంగు ముక్కా

తిరణాల్లో బెలూన్లు కాల్చే తుపాకీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కొట్టువాడు గొట్టాన్ని టక్కున మధ్యకి విరిచి, చిన్న సీసం గుండు పెట్టి మన చేతికిస్తాడు. మనం ఎర్ర బెలూనుకి గురి చూస్తే పక్కనున్న పసుపు బెలూను పగుల్తుంది. తప్పు మనదా, తుపాకీదా అన్నది ఇప్పటికీ తేలని విషయం. నన్నడిగితే తుపాకీదే అంటాను. దాన్ని విప్పి శుభ్రం చేసిన పాపాన ఎవరూ పోయి ఉండరు కాబట్టి.

దానికి వరసకి తమ్ముడయ్యేది స్ప్రింగుతో నడిచే ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్. సీసం గుండు బదులు 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. తుపాకులు దొరకని జపానులో 1970, 80ల్లో పుట్టిన సరదా ఇది. అసలు తుపాకీలు వీధికొకటి దొరికే అమెరికాలో కూడా ఇది బాగానే అమ్ముడుపోతుంది, అదో వింత. టెక్సాస్‌లో మా కాంప్లెక్సులో ఉండే తెలుగాయన ఒకరు ఇండియాకి తిరిగెళ్ళిపోతూ మూవింగ్ సేల్ పెడితే, ప్రెషర్ కుక్కరుతో పాటు నాకు ఇలాంటి రైఫిల్ ఒకటి దొరికింది. "పని చెయ్యదు తమ్ముడూ, ఊరికే గోడకి తగిలించుకో" అన్నాడాయన. నాలుగేళ్ళు మెకానికల్ చదివి, ఆ తరవాత జావా తప్ప ఇంకేమీ ముట్టుకోని నాలాంటోడికి "పని చెయ్యదు" అన్న మాట ఎంత రుచిగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదనుకుంటా :)

దీనికి మూలం టోక్యో మరుయి వాళ్ళ వీఎస్ఆర్-10 అనే మోడల్. నాకు దొరికింది ఒక చైనా కంపెనీ చేసిన నకలు. నకలు అని తీసిపారెయ్యకండి. ఆ ఒక్క మోడల్‌ని ఎంతమంది కాపీ కొట్టారంటే, ఇప్పుడదే ఓ ప్రమాణం అయిపోయింది. ఒకడి పిస్టన్ ఇంకొకడి సిలిండర్లో చాలావరకు పడుతుంది. ఏ స్టాండర్డ్స్ కమిటీ కూర్చోకుండానే స్టాండర్డు తయారైపోయిందన్నమాట. మన సాఫ్ట్‌వేరులో కూడా సగం ప్రమాణాలు ఇలా పుట్టినవే కదా.

ఇక లోపల ఏముంటుంది? సైకిలు పంపు. నిజం, అంతకన్నా ఏమీ లేదు. సైకిలు పంపులో మన చెయ్యి చేసే పని ఇక్కడ స్ప్రింగు చేస్తుంది. బోల్టు వెనక్కి లాగితే పిస్టన్ వెనక్కెళ్ళి స్ప్రింగు నొక్కుకుంటుంది. సియర్ అనే చిన్న కొక్కెం దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. బోల్టు ముందుకి తోస్తే ఒక గుండు గొట్టంలోకి చేరుతుంది, దాని వెనకే నాజిల్ వచ్చి మూత వేసినట్టు కూర్చుంటుంది. ట్రిగ్గరు నొక్కితే కొక్కెం వదిలేస్తుంది, స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తంతుంది, సిలిండర్లో ఉన్న గాలి నలిగి గుండుని బయటికి తోస్తుంది. బ్యాటరీ లేదు, గ్యాసు లేదు, సర్క్యూట్ బోర్డు లేదు. పాడైతే కారణం కళ్ళకి కనబడాల్సిందే, దాక్కోడానికి చోటు లేదు.

అందుకే దీనికొచ్చే రోగాలూ తక్కువే. నూటికి తొంభై గాలి పోవడమే అని నా నమ్మకం. చిన్నప్పుడు సైకిలు పంపు గాలి కొట్టకపోతే ఏం చేసేవాళ్ళం? లోపలున్న తోలు వాషరు ఎండిపోయిందని విప్పి, కాస్త నూనె రాసి, అంచులు వేళ్ళతో విప్పదీసి మళ్ళీ పెట్టేవాళ్ళం. కిరసనాయిలు పంపు స్టవ్వుకీ అదే వైద్యం. ఇందులో తోలు వాషరు బదులు పిస్టన్ తలకి రబ్బరు ఓ-రింగు ఉంటుంది. తేడా అంతే.

విప్పే ముందు మూడు పనులు. మ్యాగజైన్ తీసెయ్యాలి. గొట్టంలో గుండు లేదని చూసుకోవాలి, ఉంటే ఎవరూ లేని వైపు కాల్చి ఖాళీ చెయ్యాలి. స్ప్రింగు వదిలేసి ఉందో లేదో చూసుకోవాలి. ఆపైన కళ్ళద్దాలు. చదువుకోడానికి పెట్టుకునేవి కాదు, జెడ్87.1 అని ముద్ర ఉన్న రక్షణ అద్దాలు. స్ప్రింగు వదిలేసినా సిలిండర్లో కొంచెం ఒత్తిడితోనే కూర్చుని ఉంటుంది, వెనక బిరడా విప్పగానే ఎగిరి మొహం మీదకి రాగలదు.

కింద ఉన్న స్క్రూలు విప్పితే స్టాకు ఊడొస్తుంది, ట్రిగ్గరు పెట్టె తీస్తే సిలిండరు బయటికొస్తుంది. ఇక్కడ చాలామంది చేసే పని, నేరుగా ఆన్‌లైన్‌కెళ్ళి కొత్త స్ప్రింగు ఆర్డరు చెయ్యడం. బలం తగ్గింది, బలాన్నిచ్చేది స్ప్రింగు, కాబట్టి స్ప్రింగు పోయింది... లాజిక్ బాగానే ఉంది. కానీ సైటు స్లోగా ఉందని కొత్త సర్వరు కొనేసే మేనేజరు లాజిక్ కూడా ఇదే. లాగ్ చూడకుండా సర్వరు కొనకూడదు.

దీనికి లాగ్ అంటే క్రోనోగ్రాఫ్. గుండు ఎంత వేగంతో వెళ్ళిందో చెప్పే చిన్న పెట్టె. 0.20 గ్రాముల గుళ్ళు పదేసి కాల్చి అంకెలు రాసుకుంటే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. పదీ ఒకేలా తక్కువొస్తే సాధారణంగా స్ప్రింగు అలిసిపోయిందని అర్థం. ఒకటి 230, ఒకటి 180, ఇంకోటి 215 అని ఇష్టమొచ్చినట్టు వస్తుంటే ఎక్కడో గాలి పోతోందని. నా దాంట్లో సగటు సెకనుకి 210 అడుగులు, కానీ ఏ రెండు అంకెలకీ పొంతన లేదు. అంటే లీకు.

ఎక్కడ లీకు? దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. స్ప్రింగు తీసేసి, పిస్టన్ని సిలిండర్లో పెట్టి, నాజిల్‌ని వేలితో గట్టిగా మూసి పిస్టన్ని లోపలికి నెట్టాలి. బాగుంటే గాలి దిండు మీద నొక్కినట్టు ఎదురు తంతుంది. లీకుంటే బుస్సుమని లోపలికి జారిపోతుంది. సైకిలు షాపువాడు పంపు చివర బొటనవేలు పెట్టి చూస్తాడే, అచ్చం అదే పరీక్ష. నాది జారిపోయింది. ఓ-రింగు చూస్తే గుండ్రంగా ఉండాల్సింది బల్లపరుపుగా అయిపోయి, ఎండిన పండుమిరపకాయ తొక్కలా గట్టిపడిపోయింది. టెక్సాస్ ఎండల్లో గరాజ్‌లో పడేస్తే రబ్బరుకి అంతకన్నా ఏమవుతుంది?

అదే కొలత ఓ-రింగు హార్డ్‌వేరు షాపులో చిల్లర డబ్బులకి దొరికింది. కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి పెట్టేసరికి వేలి పరీక్ష పాసైంది. రెండో లీకు ముందు వైపు, లోపలి గొట్టానికి తొడిగిన రబ్బరు దగ్గర. ఆ రబ్బరు వదులైతే గొట్టం చివర కుళాయి మరలకి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు ఒకటి రెండు చుట్లు చుట్టి రబ్బరు మళ్ళీ తొడగాలి. ఎక్కువ చుడితే రబ్బరు ముడతపడి ఇంకా చెడుతుంది. ఇది కూడా అయ్యాక కొలిస్తే 320 అడుగులు. పది అంకెలూ పక్కపక్కనే! స్ప్రింగు మాత్రం పాతదే. పాపం, ఆ స్ప్రింగు ఇన్నాళ్ళూ దాని పని అది చేస్తూనే ఉంది, మాట పడింది ఊరికే.

పనిలో పనిగా ఆ రబ్బరు సంగతి కూడా చెప్పాలి. దాన్ని హాప్-అప్ అంటారు. రబ్బరు పైభాగంలో ఒక చిన్న బుడిపె గుండుని పైనుంచి కాస్త రాసుకునేలా చేస్తుంది. దాంతో గుండు వెనక్కి తిరుగుతూ బయటికొస్తుంది. టేబుల్ టెన్నిస్‌లో చాప్ కొట్టిన బంతి తేలుతూ వస్తుంది చూశారా, అదే మాగ్నస్ ప్రభావం. బుడిపె తక్కువ నొక్కితే గుండు తొందరగా కిందపడుతుంది, ఎక్కువ నొక్కితే గాలిపటంలా పైకి లేస్తుంది. గుళ్ళు ఎప్పుడూ ఒకే పక్కకి వంగి వెళ్తుంటే బుడిపె పక్కకి ఒరిగిందనో, దాని మీద మురికి ఉందనో అర్థం. కాబట్టి ముందు శుభ్రం చెయ్యాలి, తరవాతే విప్పాలి. హాప్ పూర్తిగా వదులు చేసి, శుభ్రం చేసే కడ్డీకి మెత్తటి గుడ్డ చుట్టి, ఒక చుక్క సిలికాన్ నూనెతో గొట్టం తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడవాలి. రబ్బరు మీద నూనె మిగిలితే పట్టు ఉండదు, గుండు జారిపోతుంది.

నూనె అన్నాను కదా అని ఇంట్లో ఉన్న డబ్ల్యూడీ-40 కొట్టకండి. తుప్పుకి అది దేవుడే కావచ్చు, కానీ పెట్రోలియం సరుకు రబ్బరుని ఉబ్బేలా చేసి పాడు చేస్తుంది. రబ్బరుకి సిలికానే. లోహం లోహంతో రాసుకునే కొక్కెం దగ్గర మాత్రం కొద్దిగా గ్రీజు. కిందపడిన గుళ్ళు ఏరి మళ్ళీ వాడకూడదు. గుండు 5.95 మిమీ, గొట్టం లోపల 6.08 ఉంటుంది. మధ్యలో ఇసక రేణువు దూరిందంటే గొట్టం అంతా గీతలే. గుండు లేకుండా ఊరికే టపటపా కాల్చకూడదు, ఎదురు గాలి ఒత్తిడి లేక పిస్టన్ నేరుగా వెళ్ళి సిలిండరు తలకి గుద్దుకుంటుంది. స్ప్రింగు లాగి పెట్టి అలాగే అలమరలో పెట్టకూడదు. అంతే. మెయింటెనెన్స్ మాన్యువల్ ఒక్క పేరాలో అయిపోయింది.

ఇక్కడివరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. తుపాకీ బాగయ్యాక ఎవరైనా అనే తరవాతి మాట దగ్గరే నాకు పేచీ. "బాగైంది కదా, ఇక బలం పెంచు."

పెంచడం కష్టమేం కాదు. ఎం100, ఎం120 అని స్ప్రింగులు అమ్ముతారు. 0.20 గ్రాముల గుండుని సుమారు సెకనుకి అన్ని మీటర్ల వేగంతో పంపుతుందని ఆ అంకె అర్థం. వందకీ నూట ఇరవైకీ తేడా ఇరవై శాతమే కదా అనిపిస్తుంది. కానీ శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం. 100 దగ్గర ఒక జౌలు, 120 దగ్గర 1.44 జౌళ్ళు. అంటే 44 శాతం. ఆ బరువు మొదట పడేది కొక్కెం మీద. నాసిరకం లోహంతో చేసిన ఆ కొక్కెం అరిగిపోతుంది. అప్పుడు స్టీలు కొక్కెం కొనాలి. దానికి పాత పిస్టన్ పనికిరాదు, అదీ మార్చాలి. ఒక లైబ్రరీ వెర్షన్ పెంచితే ప్రాజెక్టంతా పెంచాల్సి వచ్చినట్టే. నలభై డాలర్ల బొమ్మకి రెండొందల డాలర్ల సామాను! పోనీ డబ్బు మనది, మనిష్టం.

కన్ను మాత్రం మనది కాదు కదా, ఎదుటివాడిది. ఒక జౌలు అంటే ఎంత? వంద గ్రాముల నిమ్మకాయ మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చేది దాదాపు అంతే. నిమ్మకాయ అరచేతిలో పడితే నవ్వుకుంటాం. అదే శక్తి 6 మిల్లీమీటర్ల చోట పడితే, అదీ కంట్లో పడితే, నవ్వేది ఎవరూ ఉండరు. జపాను వాళ్ళు 2006లో చట్టం మార్చినప్పుడు హద్దుని ఊరికే జౌళ్ళలో పెట్టలేదు, చదరపు సెంటీమీటరుకి 3.5 జౌళ్ళు అని పెట్టారు. 6 మిమీ గుండుకి లెక్కేస్తే ఒక జౌలు కన్నా కొంచెం తక్కువ వస్తుంది. ఎంత శక్తి అన్నది సగం ప్రశ్నే, ఎంత చోట్లో అన్నది మిగతా సగం. ఈ లెక్క నాకు భలే నచ్చింది.

నా దృష్టిలో రిపేరు వేరు, అప్‌గ్రేడు వేరు. రిపేరు అంటే వస్తువు ఏ హద్దుల్లో ఉండాలని చేశారో అక్కడికి తిరిగి తీసుకురావడం. అప్‌గ్రేడు అంటే ఆ హద్దు నాకక్కర్లేదు అనడం. రెండోది తప్పని అనను, కానీ మొదటి దాని పేరు చెప్పి రెండోది చెయ్యకూడదు.

ఈ మాట మీద ఇంత పట్టు ఎందుకంటే, గొట్టం చివర ఉండే నారింజ రంగు మొన గురించి.

అమెరికాలో 1988 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం బొమ్మ తుపాకులు ఈ గుర్తు లేకుండా తయారు చెయ్యకూడదు, అమ్మకూడదు, రవాణా చెయ్యకూడదు. నిబంధనల్లో ఎయిర్‌సాఫ్ట్ పేరు కూడా ఉంది. గొట్టం చివర కనీసం 6 మిమీ మేర చుట్టూ నారింజ రంగు ఉండాలి. గుండు ఎంతో, ఆ రంగు పట్టీ కూడా అంతే. లోపలి గొట్టం సరిగ్గా శుభ్రం చేద్దామని నా రైఫిల్ ముందు భాగం విప్పినప్పుడు ఆ మొన కూడా ఊడొచ్చింది. పక్కన పెట్టి పని చేసుకుంటూ ఉంటే, ఆఫీసులో నా సీనియర్ ఒకాయన వాళ్ళబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చారు. అబ్బాయికి పదమూడేళ్ళు. తుపాకీ చూడగానే వాడి కళ్ళు మెరిసాయి.

"అంకుల్, ఆ ఆరెంజ్ థింగ్ మళ్ళీ పెట్టొద్దు, ఇలాగే రియల్‌గా ఉంది" అన్నాడు.

"నిజమే తమ్ముడూ, కార్టూన్ బొమ్మలా ఉంది దాంతో. పడెయ్" అన్నారు వాళ్ళ నాన్న కూడా.

నేను ఎపాక్సీ కలుపుతూ వాళ్ళకి క్లీవ్‌లాండ్ సంగతి చెప్పాను.

2014 నవంబరు 22న ఒహాయోలోని క్లీవ్‌లాండ్‌లో టామిర్ రైస్ అనే పన్నెండేళ్ళ నల్లజాతి పిల్లాడు పార్కులో ఆడుకుంటున్నాడు. చేతిలో ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలు. ఎవరో 911కి ఫోన్ చేశారు. అది బహుశా నకిలీదే అని ఆ ఫోన్లోనే చెప్పారు. ఆ ముక్క పోలీసుల దాకా చేరలేదు. కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే కాల్చేశారు. మర్నాడు పిల్లాడు చనిపోయాడు. ఆ పిస్తోలుకి నారింజ మొన లేదు. ఎందుకు లేదో తెలుసా? దాన్ని టామిర్‌కి ఇచ్చిన స్నేహితుడు, పాడైతే బాగు చేద్దామని విప్పాడట. తిరిగి బిగించేటప్పుడు ఆ మొన పెట్టడం కుదరలేదట.

అది చదివినప్పుడు నాకు మా ఇంజినీరింగ్ కాలేజీ వర్క్‌షాపు గుర్తొచ్చింది. ఏది విప్పి బిగించినా చివర్లో ఒక స్క్రూ మిగిలేది. "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడ్రా" అని నవ్వుకునేవాళ్ళం. పదేళ్ళయినా ఆ జోకు అలాగే వేస్తున్నాం. మిగిలిపోయిన ముక్క పనికొచ్చేదో కాదో, వస్తువు నడుస్తోందా లేదా అన్న దాన్ని బట్టి తేల్చేస్తాం. నారింజ మొన లేకపోయినా తుపాకీ నడుస్తుంది. వేగం తగ్గదు, గురి తప్పదు. ఏ క్రోనోగ్రాఫూ దాని లోటు చూపించదు. ఎందుకంటే ఆ ముక్క పని తుపాకీతో కాదు, తుపాకీని దూరం నుంచి చూసే మనిషితో.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ పిల్లాడి చావుకి ప్లాస్టిక్ ముక్క కారణమని నేను అనట్లేదు. రిపేరు చెయ్యబోయిన ఆ స్నేహితుడిది తప్పు అని అసలే అనను, వాడూ పిల్లాడే. కాల్చింది శిక్షణ పొందిన పెద్దవాళ్ళు, అదీ రెండు సెకన్లు కూడా ఆగకుండా. పైగా నారింజ రంగు కవచం కూడా కాదు. నిజం తుపాకీకి ఆ రంగు పూసుకోడాన్ని ఎవరూ ఆపలేరు, పోలీసులకి ఆ సంగతి తెలుసు. 2013లో కాలిఫోర్నియా శాంటా రోసాలో ఆండీ లోపెజ్ అనే పదమూడేళ్ళ పిల్లాడు ఏకే-47 లాంటి ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ పట్టుకుని నడుస్తూ ఇలాగే పోయాడు. దానికీ మొన లేదు. ఆ తరవాత కాలిఫోర్నియాలో 2016 నుంచి ట్రిగ్గరు చుట్టూ కూడా మెరిసే రంగు ఉండాలని చట్టం తెచ్చారు. చివరన ఉన్న ఒక్క మొన సరిపోదని వాళ్ళకీ అనిపించిందన్నమాట.

అంతా విని మా సీనియర్ "అవన్నీ మనవాళ్ళకి జరగవులే తమ్ముడూ" అన్నారు. ఆయన మంచాయన. కానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. యాభై గజాల అవతల కిటికీలోంచి చూసి 911 నొక్కేవాళ్ళకి వీడు మనవాడు, వీళ్ళ నాన్న ఫలానా కంపెనీలో ఆర్కిటెక్టు, వీడికి లెక్కల్లో ఎప్పుడూ ఏ గ్రేడే అని కనబడదు. చామనఛాయ పిల్లాడు, చేతిలో తుపాకీ. అంతే కనబడుతుంది. "కనీసం అది బొమ్మలా కనబడనివ్వండి అన్నా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అబ్బాయి మాత్రం ఎపాక్సీ ఆరేదాకా మొనని పట్టుకుని నిలబడ్డాడు. అడగలేదు నేను, వాడే పట్టుకున్నాడు.

కాబట్టి నా లెక్కలో ఈ రైఫిల్ రిపేరు అయిపోయింది అనడానికి నాలుగు పరీక్షలు. వేలు పెట్టి చూస్తే గాలి ఎదురు తన్నాలి. పది గుళ్ళ వేగం పక్కపక్కనే రావాలి. పెట్టె మీద రాసిన వేగానికి మించకూడదు. బిగించాక బల్ల మీద ఏ ముక్కా మిగలకూడదు. ఆ తరవాత దాన్ని సంచిలో పెట్టే బయటికి తీసుకెళ్ళాలి, ఆడటానికి కేటాయించిన చోటే సంచిలోంచి తియ్యాలి. ఇంటి ముందు లాన్‌లో కాదు, పార్కులో కాదు.

మొదటి మూడు పరీక్షలకీ వీడియోలు కావలసినన్ని దొరుకుతాయి, అవి చూసి చేసుకోవచ్చు. నాలుగోది ఎవరూ పెద్దగా చెప్పరు, చూడ్డానికి అందులో ఏమీ ఉండదు కాబట్టి. మీ ఇంట్లో పిల్లల దగ్గర ఇలాంటిది ఉంటే, పని చేస్తోందా లేదా అన్నది తరవాత సంగతి, ముందు దాని మొన ఉందో లేదో ఇవాళే ఒకసారి చూడండి.